రోడ్డుకి మార్జిన్ లేనప్పుడు

నాన్న నాకు సైకిల్ నేర్పిన మొదటి రోజే ఒక మాట చెప్పారు. "వెనక నుంచి హారన్ వినబడితే ఇంకేం ఆలోచించకు, మార్జిన్‌లోకి దిగిపో." తెనాలి దగ్గర మా ఊరి రోడ్డు అప్పట్లో ఒక్క లారీ పట్టేంత తారు పట్టీ. రెండు పక్కలా మట్టి మార్జిన్, దాని పక్కన తుమ్మ చెట్లు, ఆ కింద కాలువ. లారీ వస్తోందంటే సైకిళ్లవాళ్లం, ఎడ్లబళ్లవాళ్లు అందరం మట్టిలోకి దిగేవాళ్లం. అది వెళ్లి దుమ్ము అణిగాక మళ్లీ తారెక్కేవాళ్లం. సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కే వయసులో విన్న మాట. ఒంటికి పట్టేసింది.

ఆ మాట పట్టుకునే హైదరాబాదులో పదకొండేళ్లు తొక్కాను. ఉప్పల్‌లో ఇల్లు, మెట్టుగూడలో ఆఫీసు. స్టేడియం, ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక మీదుగా ఏడు కిలోమీటర్లకి అటూ ఇటూ. మెట్రో రైలు నా నెత్తి మీద నుంచే పోతుంది, అయినా నాకు సైకిల్ మీదే హాయి. హారన్ వినబడితే ఎడమకి జరిగేవాణ్ణి. జరిగి జరిగి ఫుట్‌పాత్ రాళ్లని ఒరుసుకుంటూ పోయేవాణ్ణి. ఎవరికీ అడ్డం రాకుండా పోవడమే మంచి పద్ధతి అనుకునేవాణ్ణి.

2021 జూలైలో ఒక సాయంత్రం ఇంటికి వస్తుంటే హబ్సిగూడ దాటాక వాన పట్టుకుంది. రోడ్డు అంచున చీలమండలోతు నీళ్లు. వెనక ఒక వ్యాను హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా వస్తోంది. అలవాటు ప్రకారం ఎడమకి జరిగాను. నీళ్ల కింద డ్రైనేజీ జాలీ ఉంది. దాని కమ్మీలు రోడ్డుకి అడ్డంగా కాకుండా రోడ్డు పోయే దిశలోనే బిగించి ఉన్నాయి. ముందు చక్రం రెండు కమ్మీల మధ్య దిగబడి అక్కడే ఆగిపోయింది. నేను హ్యాండిల్ మీద నుంచి ఎగిరి ముందుకి పడ్డాను. కుడి భుజం నేలకి కొట్టుకుంది. వ్యాను నా తలకి మూరెడు దూరంలో వెళ్లిపోయింది. నేను పడ్డ సంగతి ఆ డ్రైవరుకి తెలిసి కూడా ఉండదు. షేర్ ఆటోలో నుంచి ఇద్దరు కుర్రాళ్లు దిగి నన్ను లేపి కూర్చోబెట్టారు. ఒకతను నా చెప్పులు వెతికి తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కాలర్ బోన్ విరిగింది. వీపు మీద ఎనిమిది అంకెలా బిగించే బెల్టు వేసుకుని ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. "మళ్లీ ఆ సైకిల్ మొహం చూశారంటే ఊరుకోను" అంది మా ఆవిడ. అనదూ మరి, రాత్రి పూట పక్క మీద లేపి కూర్చోబెట్టిందీ, అన్నం కలిపి పెట్టిందీ తనే.

ఖాళీగా కూర్చున్నప్పుడు ఆ పడటం గురించే ఆలోచించాను. తప్పు వాన మీదా, జాలీ మీదా, వ్యాను మీదా వేయొచ్చు. కానీ ఆ అంచుకి నన్ను తీసుకెళ్లింది ఎవరు? నేనే. ఎడమకి జరగమని నన్నెవరూ తోయలేదు. నాన్న మాట తప్పా అంటే అదీ కాదు. ఆ రోడ్డుకి అది సరైన మాటే. అక్కడ మార్జిన్ ఉంది. దిగడానికి మెత్తని మట్టి ఉంది. ఇక్కడ తారు అయిపోయిన చోటే ఫుట్‌పాత్ రాయి మొదలవుతుంది. నడుమ ఉన్న జానెడు జాగాలోనే ఊరి చెత్తంతా చేరుతుంది: ఇసుక, కంకర, గాజు పెంకులు, జాలీలు, కుంగిన మ్యాన్‌హోల్ మూతలు. నాన్న దిగమన్న మార్జిన్ ఇక్కడ లేదు. అది లేని రోడ్డు మీద నేను ముప్పయ్యేళ్ల కిందటి సూత్రం పాటిస్తున్నాను.

మా అన్నయ్య కూతురు ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటుంది. ఉద్యోగానికి సైకిల్ మీదే పోతుంది. 2022 ఫిబ్రవరిలో ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెబితే, "బాబాయ్, నువ్వు అంచుకి అంత అతుక్కుని ఎందుకు పోతావు? ఇక్కడ మొన్ననే కొత్త నియమాలు వచ్చాయి, చదువు" అని పంపింది. వాళ్ల హైవే కోడ్‌ని 2022 జనవరి 29 నుంచి మార్చారు. వాళ్లు కూడా మనలాగే ఎడమ పక్కన బండ్లు నడిపేవాళ్లు కాబట్టి అందులో ప్రతి మాటా మనకి అద్దంలో తిప్పి చూసుకోనక్కర్లేకుండా సరిపోతుంది.

అందులో ఏముందంటే, సందడి లేని వీధుల్లో సైకిల్‌ని లేన్‌కి మధ్యలో నడపండి, వెనక వేగంగా వచ్చే బండి ఉంటే ప్రమాదం లేదనుకున్నప్పుడు ఎడమకి జరిగి దారివ్వండి అంది. ట్రాఫిక్ మెల్లగా కదిలే చోటా అంతే. కూడలి దగ్గర, రోడ్డు ఇరుకైన చోట, ఎవరైనా మిమ్మల్ని దాటబోతే ప్రమాదం అనిపించే చోట మధ్యలోనే ఉండమంది. బండ్లు మీకంటే వేగంగా పోయే రద్దీ రోడ్ల మీద మాత్రం దాటనివ్వండి, అయితే అప్పుడు కూడా అంచుకి కనీసం అర మీటరు ఎడం పాటించండి అంది. ఆగి ఉన్న కార్ల పక్క నుంచి పోతుంటే ఒక తలుపు వెడల్పు, అంటే మీటరు వదలమంది. కారువాళ్లకి కూడా చెప్పింది: గంటకి 30 మైళ్లు, అంటే మన లెక్కలో 48 కిలోమీటర్ల వేగం దాకా సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉంచాలి, అంతకు మించిన వేగమైతే ఇంకా ఎక్కువ.

చదివాక మొదట నాకు కోపం వచ్చింది. లెస్టర్ వేరు, ఉప్పల్ వేరు. లేన్ మధ్యలో నడిపితే ఇక్కడ బతకనిస్తారా అనిపించింది. ఆదివారం పొద్దున మా కాలనీ వీధిలో టేపూ సుద్దముక్కా పట్టుకుని కొలిచాక నాకు విషయం ఎక్కింది. మీరూ నాతో కొలవండి.

మామూలుగా రోడ్డు మీద ఒక లేన్ మూడున్నర మీటర్లు ఉంటుంది. అంత దూరం రెండు గీతలు గీశాను. నా సైకిల్ హ్యాండిల్ చివర నుంచి చివరికి 65 సెంటీమీటర్లు. పాత అలవాటు ప్రకారం అంచుకి హ్యాండిల్ చివర 30 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా సైకిల్ నిలబెట్టాను. అంటే అంచు నుంచి 95 సెంటీమీటర్లు నేనే తీసుకున్నాను. మిగిలింది 2.55 మీటర్లు. సిటీ బస్సు వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు, పక్క అద్దాలు లెక్కలోకి రాకుండానే. అంటే బస్సు తన లేన్ దాటకుండా నన్ను దాటాలంటే నాకూ దానికీ మధ్య మిగిలేది 5 సెంటీమీటర్లు. నాలుగు వేళ్ల మందం కూడా లేదు.

అంటే నేను ఎంత ఒదిగినా బస్సుకి ఆ లేన్‌లో దారి చాలదు. ఒదగడం వల్ల జరిగేది ఒక్కటే. వెనక నుంచి చూసే డ్రైవరుకి "పడుతుందిలే" అనిపిస్తుంది. బ్రేకు మీద కాలు పెట్టాలా, పక్క లేన్‌లోకి పోవాలా అని ఆలోచించే అవసరం ఆయనకి రాదు. అలాగే దూరిపోతాడు.

ఇప్పుడు సైకిల్‌ని చక్రం అంచుకి మీటరు దూరంలో ఉండేలా జరిపాను. హ్యాండిల్ కుడి చివర 1.33 మీటర్ల దగ్గరకి వచ్చింది. మిగిలింది 2.17. ఇందులో బస్సు పట్టదని వెనకున్న డ్రైవరుకి కంటితో చూస్తేనే తెలిసిపోతుంది. దాటాలంటే పూర్తిగా పక్కకి వెళ్లి దాటాలి, లేదంటే కాసేపు ఆగాలి. నాకు కావలసింది అదే. ఆయన ఒక నిర్ణయం తీసుకోవాలి, తెలిసి తీసుకోవాలి. పైగా నా చక్రానికి ఎడమ వైపు మీటరు జాగా నా చేతిలో ఉంటుంది. గుంత వస్తే తప్పుకోవచ్చు, ఎవరైనా మరీ మీదికొస్తే అటు జరగొచ్చు. నాన్న చెప్పిన మార్జిన్‌ని నేనే రోడ్డు మీద గీసుకున్నట్టు.

మన దగ్గర లేన్లు ఎవరు పాటిస్తారండీ అంటారు. నిజమే, గీతలు చాలాచోట్ల అరిగిపోయాయి, ఉన్నచోటా ఒక్క లేన్‌లో మూడు బైకులు. గీత లేకపోతే ఎడమ చివర వరసలో పోయే కార్ల చక్రాలు ఎక్కడ తిరుగుతున్నాయో చూడండి. అక్కడ తారు నున్నగా, శుభ్రంగా ఉంటుంది. ఆ వరసలో ఎడమ చక్రం పోయే దారే నా దారి.

ఇంకో సంగతి ఆ హైవే కోడ్‌లో ఉండదు, మన రోడ్డు మీద తొక్కితేనే తెలుస్తుంది. రాంగ్ రూట్ బైకులు. యూటర్న్ దాకా పోవడం ఇష్టం లేక అంచు వెంబడి ఎదురొచ్చేస్తారు. అంచున ఉన్నరోజుల్లో ఎదురుగా బైకు కనబడితే నేను చటుక్కున కుడికి తిరగాల్సి వచ్చేది, వెనక ఏమొస్తోందో చూసే వ్యవధి లేకుండా. ఇప్పుడు మీటరు ఇవతల ఉంటాను కాబట్టి వాళ్లు నా ఎడమ పక్క నుంచి వెళ్లిపోతారు. నా గీత నేను తప్పను. ఈ ఒక్క కారణం చాలు నాకు.

బెల్టు తీసి, ఫిజియోథెరపీ అయ్యి, మా ఆవిడని ఒప్పించి మళ్లీ ఎక్కేసరికి 2022 మార్చి. మొదటి వారం గుండె దడదడలాడింది. వెనక హారన్ మోగితే చెయ్యి దానంతటదే ఎడమకి లాగేది. హారన్ అంటే తిట్టు అనుకోవడం మానడానికి నెల పట్టింది. హారన్ కొట్టినవాడు నన్ను చూసినవాడు. చూసినవాడు గుద్దడు. నా భయమంతా చూడనివాళ్ల గురించే.

నా దారిలో ఎక్కడెక్కడ ఎలా పోతానో చెబుతాను, మీ దారికి మీరు అన్వయించుకోండి. స్టేడియం నుంచి ఎన్జీఆర్ఐ వైపు రోడ్డు కాస్త ఖాళీగా ఉండి బండ్లు వేగంగా పోతాయి. అక్కడ మధ్యలో ఉండే పట్టుదల నాకు లేదు. మీటరు ఎడంతో ఎడమనే పోతాను, దాటేవాళ్లని దాటనిస్తాను. నేను గంటకి పదహారు కిలోమీటర్లు, వాళ్లు అరవై. అంత తేడా ఉన్నచోట వాళ్ల ముందు నిలబడటం నాకు క్షేమం కాదు.

మెట్రో స్టేషన్ల కింద వేరు. మెట్లు దిగే చోట ఆటోలు ఆగి ఉంటాయి, జనం రోడ్డు మీదే నిలబడతారు, బండ్లు పోయే దారి సగానికి తగ్గిపోతుంది. ఇక్కడ అలవాటు లేనివాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే, రెండు ఆటోల మధ్య ఖాళీ కనబడగానే ఎడమకి దూరతారు, తర్వాత ఆటో రాగానే మళ్లీ కుడికి వస్తారు. అలా పాములా పోతే వెనకవాడికి మనం ఒకసారి కనబడతాం, ఒకసారి కనబడం. ఇరుకు రావడానికి ఓ ముప్పై మీటర్ల ముందే నేను వెనక్కి తిరిగి చూస్తాను, కుడిచెయ్యి చాపుతాను, వెనకున్న డ్రైవరు కళ్లలోకి చూస్తాను, అప్పుడు మెల్లగా వరస మధ్యలోకి వస్తాను. ఇరుకు దాటేదాకా అక్కడే. దాటగానే ఎడమకి జరిగి, చెయ్యెత్తి థాంక్స్ చెబుతాను. ఆ చెయ్యెత్తడం చాలా పని చేస్తుంది. ఆర్టీసీ డ్రైవర్లు కొందరు తిరిగి తలూపుతారు కూడా.

హబ్సిగూడ కూడలి అన్నిటికంటే కష్టం. ఉప్పల్ వైపు నుంచి వస్తుంటే ఎడమకి స్ట్రీట్ నంబర్ ఎనిమిదిలోకి తిరిగేవాళ్లు ఎక్కువ. నేను తిన్నగా తార్నాక వెళ్లాలి. పూర్వం అంచునే వెళ్లి ఫ్రీ లెఫ్ట్ దారిలో నిలబడేవాణ్ణి. వెనక అందరూ హారన్లు. సిగ్నల్ పడగానే నా ముందు నుంచే ఎడమకి కోసుకుంటూ పోయేవాళ్లు, రెండుసార్లు తృటిలో తప్పింది. ఇప్పుడు సిగ్నల్‌కి బాగా ముందే తిన్నగా పోయేవాళ్ల వరసలోకి వెళ్లి మధ్యలో నిలబడతాను. ఎడమకి పోయేవాళ్లు నా ఎడమ నుంచి పోతారు. వాళ్లకీ హాయి, నాకూ హాయి. మనం ఎటు పోతామో ఆ వరసలో ఉండాలన్న చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

బస్సుకి ఎడమ పక్కన ఎప్పుడూ దూరకండి. ఇది మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. డ్రైవరు కూర్చునేది కుడి పక్కన, ఎడమ వైపు కింద ఉన్న సైకిల్ ఆయనకి కనబడదు. స్టాపు దగ్గర బస్సు ఎడమకే వస్తుంది, ఆ సందులో మనం ఉంటే పోవడానికి చోటుండదు. దిగే జనం కూడా ఆ సందులోకే దిగుతారు. బస్సు వెనక ఆగండి, నిమిషం పోతే పోనీండి.

ఆగి ఉన్న కార్ల వరస పక్కన ఒక మీటరు అన్నాను కదా. మన కార్లలో డ్రైవరు తలుపు రోడ్డు వైపే తెరుచుకుంటుంది. కారు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క అలవాటు చేసుకోండి: దిగేటప్పుడు తలుపుని కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో తెరవండి. ఎడమచెయ్యి అటు చాపితే ఒళ్లు దానంతటదే తిరిగి, చూపు అద్దం మీదికీ వెనక రోడ్డు మీదికీ పోతుంది. వచ్చే సైకిల్ కనబడుతుంది. నెదర్లాండ్స్ పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతి ఇది, బ్రిటన్ కొత్త నియమాల్లోనూ చేర్చారు. మా అబ్బాయికి కారు నేర్పినప్పుడు ముందు ఇదే నేర్పాను.

ఫ్లైఓవర్లు నేను ఎక్కను. తార్నాకలో కింద నుంచే పోతాను, రెండు సిగ్నళ్లు ఎక్కువైనా సరే. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిల్ వేగం పడిపోతుంది, పక్కన గోడ, తప్పుకోవడానికి చోటుండదు.

సైకిల్ ట్రాక్ ఉంటే ఈ గొడవే ఉండదు కదా అని ఆఫీసులో అంటారు. ఉంటే మంచిదే. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. ఒక ఆదివారం వెళ్లి తొక్కి వచ్చాను, నీడలో ప్రాణం లేచొచ్చింది. కానీ అది నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు. నా ఆఫీసుకి ఆ దారి పోదు. నాకే కాదు, పాలవాడికీ పేపర్ కుర్రాడికీ కూడా పోదు. మా బతుకు మామూలు రోడ్డు మీదే.

ఈ విషయంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి ఒకటుంది. మా అపార్టుమెంటు వాచ్‌మన్ పాత సైకిల్ మీద రాత్రి ఇంకో చోట డ్యూటీకి పోతాడు. ఇదంతా ఆయనకి చెబితే, "సార్, మీకు నెత్తి మీద హెల్మెట్టుంది, ప్యాంటూ షర్టూ వేసుకుంటారు. నేను మధ్యల పోతే కొడతరు సార్" అన్నాడు. నేను కాదనలేకపోయాను. ఒకే లేన్, ఒకే సైకిల్, మనిషిని బట్టి మర్యాద. ఆయన వెనక మడ్‌గార్డుకి పెద్ద ఎర్ర రిఫ్లెక్టరూ, రాత్రి వెలిగే లైటూ బిగించి ఇచ్చాను. మధ్యకి రాకపోయినా జాలీల మీద మాత్రం పోవద్దని, మీటరు కాకపోతే మూరెడైనా ఇవతల ఉండమని ఒట్టు పెట్టించుకున్నాను. ఉంటున్నాడు.

ఆయన కొడుకు ఈ జూన్‌లో తొమ్మిదో తరగతికి వచ్చాడు. స్కూలు హబ్సిగూడ. నాన్నతో వాదించి సైకిల్ తెచ్చుకున్నాడు. మొదటి రెండు వారాలు నా ముందు వాణ్ణి పోనిచ్చి వెనక నేను పోయాను. కాలనీ వీధిలో సుద్దగీతల మీద తిప్పించాను, తల వెనక్కి తిప్పినా హ్యాండిల్ తిరక్కుండా పట్టుకోవడం నేర్పాను, అది రావడానికే వాడికి నాలుగు రోజులు పట్టింది.

మొన్న బుధవారం ఎన్జీఆర్ఐ స్టేషన్ దగ్గర ఆటోలు రెండు వరసల్లో ఆగి ఉన్నాయి. వాడు ముందే వెనక్కి చూశాడు. నన్ను కాదు, నా వెనకున్న తెల్ల కారుని. చెయ్యి చాపి మధ్యలోకి వచ్చాడు. కారు హారన్ కొట్టింది. వాడి భుజాలు ఒక్కసారి బిగుసుకోవడం నాకు వెనక నుంచి కనబడింది, హ్యాండిల్ మాత్రం ఎడమకి లాగలేదు. ఆటోలు అయిపోయేదాకా అదే గీత మీద పోయాడు. తర్వాత పక్కకి జరిగి చెయ్యెత్తాడు. కారు మా ఇద్దరికీ బాగా ఎడం ఇచ్చి వెళ్లిపోయింది.